కాలిన చుట్ట, మిగిలిన ఇనుము

(ఒంటిమిట్టలో రైతులకును, వైండింగు పనివారికిని, యువకులకును చేసిన ప్రసంగ పాఠము)



పాత సామానులు కొను వ్యాపారి తక్కెడలో ట్రాన్స్‌ఫార్మరునకు ఒకే విలువ కలదు: దానిలో రాగి ఎంత? రాగిని ఒలిచి తూచుకొనిన పిదప మిగిలిన ఇనుప రేకులను అతడు తుక్కు ధరకు ఒక మూలకు నెట్టివేయును. ఈనాడు మేము మీతో మాటలాడదలచినది మూలకు నెట్టబడిన ఆ రేకులను గూర్చియే.

మన పల్లెలలో ఇన్వర్టరులు, ఓల్టేజి స్టెబిలైజరులు, కంప్యూటరునకు పెట్టు యు.పి.ఎస్. పెట్టెలు, అక్కడక్కడ మైక్రోవేవ్ పొయ్యిలు కూడ చేరినవి. ఇవి చెడినపుడు చెడునది పెక్కుసారులు లోపలి సర్క్యూటు పలకయే గాని ట్రాన్స్‌ఫార్మరు కాదు. ఒకవేళ ట్రాన్స్‌ఫార్మరే కాలినను, కాలునది తీగమీది పూత, కాగితము, ఇనుము కాలదు. అందుచేత చేతిపని తెలిసిన యువకులు వానిని తెచ్చి, పాత చుట్టను తీసి, లావు తీగతో కొద్ది చుట్లు చుట్టి, బ్యాటరీ ఛార్జరులు, రేకులను అతుకు యంత్రములు చేసికొనుచున్నారు. ఇది మంచి పనియా, చెడ్డపనియా అని అడుగువారు ఉన్నారు. మంచి పనియే. కాని ఏ ఇనుముతో, ఎన్ని చుట్లతో, ఏ లైనుకు తగిలించి చేయుచున్నారో తెలిసి చేసినప్పుడే అది మంచి పని. ఒక టెంకాయ చిప్పను చేతబట్టి ఇంటింటికి తిరిగి కోదండరామస్వామి ఆలయమును ఉద్ధరించిన వావిలికొలను సుబ్బారావుగారి ఊరివారికి, పారవేయదగిన వస్తువు విలువను మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. లెక్క మాత్రము చెప్పవలసియున్నది.

ట్రాన్స్‌ఫార్మరులో కదలునది ఏదియు లేదు. ఒక ఇనుప చట్రము, దానిపై రెండు చుట్టలు. ఒక చుట్టకు లైనును తగిలించినచో ఇనుములో అయస్కాంత బలము సెకనుకు 50 మారులు అటునిటు మారుచుండును. ఆ మార్పువలన రెండవ చుట్టలో విద్యుత్తు పుట్టును. మైకేల్ ఫారడే 1831లో ఇంగ్లండులో ఒక ఇనుప కడియముపై రెండు చుట్టలు చుట్టి ఈ సంగతిని కనుగొనెను. 1885లో బుడాపెస్టు నగరములోని గాంజ్ కర్మాగారమున ముగ్గురు ఇంజనీర్లు దీనిని వ్యాపారమునకు పనికివచ్చు యంత్రముగా తీర్చిరి. నేడు మీ పొలము గట్టున స్తంభముపై వ్రేలాడు పెట్టె ఆ వంశములోనిదే.

చెరువు తూమును తలచుకొనుడు. ఎత్తునుండి సన్నని ధారగా పడు నీరును, పల్లమున వెడల్పు కాలువగా పారు నీరును ఒకే పని చేయగలవు. ఎత్తు వోల్టేజి వంటిది. వెడల్పు ఆంపియరుల వంటిది. ట్రాన్స్‌ఫార్మరు ఎత్తును తగ్గించి వెడల్పును పెంచును, లేదా వెడల్పును తగ్గించి ఎత్తును పెంచును. లేని శక్తిని తాను కల్పింపజాలదు. 230 వోల్టులవద్ద 4 ఆంపియరులు లోనికి పోయినచో, 2 వోల్టులవద్ద బయటికి వచ్చునది, నష్టమును లెక్కింపకున్న, 460 ఆంపియరులు. ఇనుప రేకులను కరగించు బలము ఇట్లు వచ్చుచున్నది. లైను వైపు చుట్టను మన పనివారు ప్రైమరీ అందురు. రెండవదానిని సెకండరీ అందురు. మేమును ఆ మాటలనే వాడుదుము.

ఇక ఇనుమును గూర్చి. ఆ రేకులు మామూలు ఇనుము కావు. సుమారు నూటికి మూడు పాళ్లు సిలికను కలిపిన ఉక్కు. రేకు రేకునకు నడుమ పలుచని పూత యుండును. అది లేనిచో ఇనుములోనే సుడి ప్రవాహములు పుట్టి చట్రము పొయ్యివలె కాగును. కావున పాత చుట్టను తీయునపుడు రేకులను సమ్మెటతో మోదుట, మంటలో వేసి కాల్చుట కూడదు. రాగిని త్వరగా ఒలుచుటకు మంటలో వేయువారున్నారు. ఆ పొగ ఊపిరికి చేటు. రేకుల పూతకును చేటు. చుట్టను రంపముతో ఇరుప్రక్కల కోసి, కొయ్యముక్కతో మెల్లగా నెట్టినచో ఊడివచ్చును. ఒక పూట ఎక్కువ పట్టును. పట్టనిండు.

చట్రము ఎంత బరువు మోయగలదో నడిమి కాలు చెప్పును. దాని వెడల్పును, రేకుల దొంతి మందమును సెంటీమీటరులలో కొలిచి గుణింపుడు. వెడల్పు 5, మందము 6 అయినచో 30 చదరపు సెంటీమీటరులు. 50 సైకిళ్ల విద్యుత్తునకు 45ను ఈ సంఖ్యతో భాగించినచో వోల్టునకు ఎన్ని చుట్లు కావలెనో వచ్చును. ఇచట ఒకటిన్నర. అనగా 230 వోల్టుల ప్రైమరీకి 345 చుట్లు. 45కు బదులు 38 వేసికొనినను నడచును అని చెప్పు పనివారు కలరు. పట్టణములో నడువవచ్చును. మన పల్లెలలో పగలు వోల్టేజి క్రుంగును, మోటారులన్నియు ఆగిన అర్ధరాత్రి పైకి లేచును. ఆ లేచినపుడు చుట్లు చాలని చట్రము అయస్కాంత బలముతో నిండిపోయి, ఘోషపెట్టి, ఏ బరువును లేకుండగనే కాగిపోవును. తీగ పొదుపునకు ఇది తగిన చోటు కాదు.

ప్రైమరీ చెడక మిగిలియున్నచో లెక్క ఇంకను సులభము. సెకండరీని తీసివేసిన ఖాళీలో పూతగల సన్నని తీగను సరిగా పది చుట్లు చుట్టి, లైను ఇచ్చి, మీటరుతో చూడుడు. 4 వోల్టులు చూపినచో వోల్టునకు రెండున్నర చుట్లు. 15 వోల్టులు కావలెనన్న 37 లేక 38. బరువు పడినపుడు తగ్గుదలకు మరి రెండు. ఈ పది చుట్ల పరీక్షకు అయిదు నిమిషములు చాలును. మోటారుల వైండింగు చేయు మన పనివారు గాడికి ఇన్ని చుట్లని లెక్కబెట్టుటలో దిట్టలు. మంగంపేట ముగ్గురాయి మిల్లుల మోటారులు, తోటల బోరు మోటారులు కాలినపుడెల్ల ఆదుకొనునది ఆ చేతులే. వారికి ట్రాన్స్‌ఫార్మరు చిన్నపని. చిన్నపని యనియే కాబోలు, కొందరు దీనిని కంటి అంచనాతో చుట్టుచున్నారు.

ట్రాక్టరు బ్యాటరీ ఛార్జరు మన పల్లెలకు ఎక్కువ అక్కరకు వచ్చు వస్తువు. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి పదవ వంతు, అనగా 10 ఆంపియరులు, తగిన ఛార్జి. సెకండరీ సుమారు 15 వోల్టులు ఉండవలెను. డయోడుల వంతెనలో ఇంచుమించు 2 వోల్టులు పోవును. డయోడులగుండ విద్యుత్తు కెరటములు కెరటములుగా పారును గనుక తీగ లెక్కకు వచ్చిన 4 చదరపు మిల్లీమీటరులు చాలదు, 6 వేయుడు. 35 ఆంపియరుల వంతెనను అల్యూమినియపు పలకకు బిగించి, బ్యాటరీ వైపు తీగలో 15 ఆంపియరుల ఫ్యూజు ఉంచుడు. బ్యాటరీవద్ద వోల్టేజి 14.4 చేరగానే ఆపవలెను. ఛార్జి ఎక్కునపుడు బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును. మూసిన గదిలో, బీడీ నిప్పుచెంత ఈ పని వలదు.

చెడిన ఇన్వర్టరు దొరకినచో మరింత మేలు. దాని ట్రాన్స్‌ఫార్మరును కొన్నిసారులు విప్పనక్కరయే లేదు. కొద్ది వోల్టుల లావు చుట్ట అందు ముందుగనే యున్నది. లైను వైపు చుట్ట ఏదో మీటరుతో గుర్తించి, లావు కొసలవద్ద ఎన్ని వోల్టులు వచ్చునో చూచి, తగినదైన వాడుకొనుడు. తగనిచో దానినే విప్పి చుట్లు సవరింపుడు.

స్టెబిలైజరు సంగతి వేరు. ఇది మరువరాని మాట. స్టెబిలైజరులోని ట్రాన్స్‌ఫార్మరులో పెక్కింటికి రెండు వేరువేరు చుట్టలుండవు; ఒకే చుట్టకు నడుమ నడుమ కొసలు తీయబడియుండును. ఆ కొసలలో రెంటి నడుమ 12 వోల్టులే మీటరు చూపవచ్చును. కాని ఆ రెండును లైనుకు నేరుగా అతికియున్నవి. 12 వోల్టులే కదా అని బ్యాటరీ పిడిని పట్టుకొనిన చేయి లైను ఫేజును పట్టుకొనినట్లే. స్టెబిలైజరు ఇనుమును వాడవలెనన్న చుట్టనంతయు తీసివేసి, ప్రైమరీ వేరుగా చుట్టి, పైన లెదరాయిడ్ కాగితము మూడు పొరలు వేసి, దానిపై సెకండరీని చుట్టవలెను. చుట్టిన పిదప మెగ్గరుతో ప్రైమరీకి సెకండరీకి నడుమ, ప్రతి చుట్టకు ఇనుమునకు నడుమ పరీక్షింపవలెను. మెగ్గరు లేని ఇంట ఈ పని చేయక, అది కల వైండింగు అంగడికి తీసికొని పోవుట మేలు.

మైక్రోవేవ్ పొయ్యి ట్రాన్స్‌ఫార్మరుపై యువకులకు మోజు ఎక్కువ. దానికి కారణము లేకపోలేదు. దాని ఇనుము బలమైనది. ప్రైమరీలో చుట్టునకు ఇంచుమించు ఒక వోల్టు వచ్చును. సెకండరీ తీసివేసి, వెల్డింగుకు వాడు లావు కేబులును రెండే రెండు చుట్లు దూర్చినచో 2 వోల్టులు, వందల ఆంపియరులు. రెండు రాగి మొనల నడుమ సన్నని రేకులను నొక్కి ఒక్క క్షణము విద్యుత్తును పంపినచో అవి అతుకుకొనును. అమెరికాలో ఎలిహూ థామ్సన్ 1886లో ఈ పద్ధతికి పేటెంటు పొందెను. మందు కొట్టు పంపులలోని లిథియము బ్యాటరీ గుళ్లకు నికెలు పట్టీలు అతుకుట ఇందువలననే సాధ్యము. టంకముతో అతుకబోయిన గుండు కాగి చెడును. ఈ పద్ధతిలో సెకనులో పదవ వంతు, అయిదవ వంతు చాలును. అందుకు కాలికింద నొక్కు స్విచ్చి ఒక్కటి చాలదు, కాలము కొలుచు పలక కావలెను. మనిషి కాలు సెకనులో పదవ వంతును ఎరుగదు. గుళ్లను పట్టుకొనువాడు చేతులకు తొడుగు, కంటికి అద్దములు లేకుండ కూర్చుండరాదు. లిథియము గుండు చిల్లిపడినచో నీళ్లు చల్లి ఆర్పు నిప్పు వంటిది కాదు.

అయితే ఆ పొయ్యిని విప్పుటయే ప్రమాదము. అందలి సెకండరీ సుమారు 2,000 వోల్టులది. దానితో కూడిన కెపాసిటరు, ప్లగ్గు పెరికిన పిదప కూడ, ఒక మనుష్యుని చంపుటకు చాలినంత విద్యుత్తును దాచుకొనియుండవచ్చును. పూత గల పిడి స్క్రూడ్రైవరుతో దాని రెండు కొసలను కలిపి ఖాళీ చేసిన పిమ్మటనే లోపల చేయి పెట్టవలెను. మాగ్నెట్రాను అను గొట్టముయొక్క పింగాణి భాగమును పగులగొట్టరాదు. కొన్నిటిలో బెరిలియము కలదు, దాని ధూళి విషము. కొందరు ఆ 2,000 వోల్టుల చుట్టను తీసివేయక అట్లే ఉంచి, తడిపిన చెక్కపై మెరుపు తీగల వంటి గీతలను కాల్చుచున్నారు. ఆ ఆటకు అమెరికాలో పలువురు బలియైరి. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ అను సంఘము తన కార్యక్రమములలో దానిని నిషేధించినది. ఇంటిలో ఇ.ఎల్.సి.బి. ఉన్నది కదా యందురు. సెకండరీలో చేయి పడినపుడు అది తెగదు. లైను వైపు తేడాను మాత్రమే అది చూడగలదు. ఈ ఒక్క పనికి మేము జాగ్రత్తలు చెప్పము, చేయవలదనియే చెప్పుదుము.

రెండు వోల్టులకు షాకు లేదు, నిజమే. కాని షాకు లేనిచోట కాల్పు ఉన్నది. వేలికి ఉంగరము, చేతికి కడియము, గాజులు ఉండగా ఆ లావు కొసల నడుమ చేయి పడినచో లోహము క్షణములో ఎఱ్ఱబారును. తీయవచ్చునను తలపు వచ్చులోపల చర్మము కాలును. వేడి ఆంపియరుల వర్గమును బట్టి పెరుగును: ఆంపియరులు రెట్టింపైన వేడి నాలుగు రెట్లు. కేబులు కొసల కలయికలు వదులైనను అచటనే వేడి పుట్టును. కావున కొసలను రాగి లగ్గులతో గట్టిగా నొక్కించి, బోల్టు బిగింపుడు. మెలివేసి గుడ్డ చుట్టుట పని కాదు.

ఇక ఆర్కు వెల్డింగు. నాగలి కర్రు విరిగినను, ట్రాలీ పలక ఊడినను పట్టణమునకు పోనక్కర లేకుండ ఇంటనే అతుకుకొనవలెనను కోరిక సహజము. అందుకు స్టెబిలైజరు ఇనుము చాలదు. 3.15 మిల్లీమీటరుల కడ్డీకి ఇంచుమించు 100 ఆంపియరులు కావలెను. మొదట ఆర్కు పుట్టుటకు 50 వోల్టులకు పైగా ఉండవలెను. లెక్క కట్టిన 5 కిలోవోల్ట్-ఆంపియరులు. ఇంటి 230 వోల్టుల లైనునుండి 20 ఆంపియరులకు పైగా లాగవలసి వచ్చును. అందుచేత కొందరు వ్యవసాయ మోటారు డబ్బానుండి రెండు ఫేజులు తీసికొని పని కానిచ్చుచున్నారు. ఆ పొలములకు విద్యుత్తునిచ్చు పెట్టె 25 కిలోవోల్ట్-ఆంపియరులదే కావచ్చును. దానిపై ముందే నాలుగైదు మోటారులు ఉండును. రెండు ఫేజులపైన మాత్రమే బరువు పడినచో మూడింటి సమతూకము తప్పును. వోల్టేజి క్రుంగినపుడు మోటారు ఎక్కువ ఆంపియరులు లాగి కాలును. అతుకు పడినది ఒకని కర్రునకు, కాలినది ప్రక్కవాని మోటారు. పెట్టెయే కాలినచో ఊరివారందరు చందా వేసికొని ట్రాక్టరుపై దానిని మరమ్మతునకు తీసికొనిపోవుట, అది వచ్చువరకు అరటి, పసుపు పైరులు ఎండుట మీరెరిగినదే. 2004 నుండి రైతులకు ఉచిత విద్యుత్తు అమలులో ఉన్నది. అది నీరు తోడుటకు. దానిని వేరు పనికి వాడుట విద్యుత్ చట్టము, 2003, 126వ సెక్షను క్రింద అనధికార వినియోగము. వెల్డింగు అంగడికి వేరు కనెక్షను తీసికొనుట ఖర్చే. ప్రక్కవాని మోటారు ఖర్చుతో పోల్చి చూచుకొనుడు.

స్తంభముమీది ఇనుమును గూర్చి కూడ ఒక మాట. ఒంటడు, మిట్టడు అను ఇరువురు దొంగలు మనసు మార్చుకొని ఇచటి గుడికి పాటుపడిరని, వారి పేర్లే ఊరికి నిలిచినవని పెద్దలు చెప్పుకొందురు. వారి మాదిరి మనసు మారని వారు నేటికిని రాత్రిపూట పొలములలోని ట్రాన్స్‌ఫార్మరులను దింపి, నూనెను పారబోసి, రాగిని ఎత్తుకొని పోవుచున్నారు. 136వ సెక్షను క్రింద దీనికి మూడేండ్లవరకు జైలు కలదు. పై తీగలో 11,000 వోల్టులున్నవి. ఈ దొంగతనమున ప్రాణము పోగొట్టుకొనువారు కలరు. యువకులారా, ఎవరైన కారుచౌకగా లావు రాగిపట్టీ తెచ్చి సెకండరీకి పనికివచ్చునని చూపినచో, అది ఎక్కడిదని అడుగుడు. బిల్లు లేని రాగి వెనుక ఎండిన పైరు ఉండవచ్చును.

ఎర్తింగు మన సీమకు ప్రత్యేకమైన చిక్కు. చట్రమును ఇనుప పెట్టెకు బోల్టుతో బిగించి, పెట్టెకు ఎర్తు తీగ వేయవలెను. లోపల పూత చెడి ఫేజు ఇనుమును తాకినను ఫ్యూజు తెగును, మనిషి మిగులును. కాని ఎర్తు తీగ వేసినంతమాత్రమున భూమి దానిని పుచ్చుకొనదు. రాళ్లు, గులక నిండిన నేల వేసవిలో ఎండి బిగిసిన పిదప ఎర్తు గుంట పేరునకే ఎర్తు. గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, చైత్రమునుండి తొలకరి వరకు వారమునకు రెండు మారులు బిందెడు నీళ్లు పోయుడు. త్రాగు నీటికే కటకట అయిన ఊళ్లలో ఈ మాట చెప్పుటకు మాకు సంకోచమే. పాత్రలు కడిగిన నీరైనను చాలును.

చుట్టుట ముగిసినది, వార్నీషు ఆరినది. వెంటనే లైనుకు తగిలింపరాదు. 100 వాట్ల పాత తీగ బల్బు ఒకటి సంపాదించి, ప్రైమరీకి వరుసలో కలిపి, అప్పుడు స్విచ్చి వేయుడు. ఎల్.ఇ.డి. బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు వెలుగకున్నను, మసకగా వెలిగినను చుట్ట బాగున్నది. నిండుగా వెలిగినచో ఎచటనో చుట్టు చుట్టును తాకియున్నదని అర్థము. బల్బు లేకయే తగిలించియుంటే ఆ వెలుగు మీ చుట్టలో మంటయై యుండెడిది. మసకగా వెలిగినచో బల్బును తీసి, సెకండరీకి ఏమియు తగిలింపక ఒక గంట నడువనిండు. పిదప స్విచ్చి ఆపి, ప్లగ్గు పెరికి, ఇనుముపై అరచేయి ఉంచుడు. ఉంచగలిగినచో బరువు వేయవచ్చును. ఉంచలేనిచో ప్రైమరీకి చుట్లు చాలలేదు. మరల లెక్క చూడుడు.

మీలో ఎవరైన చుట్టిన ట్రాన్స్‌ఫార్మరును వెంట తెచ్చియున్నచో, మీటరు, మెగ్గరు, బల్బు ఇచటనే ఉన్నవి. స్టెబిలైజరునుండి తీసినవారు ముందుగా రండి.